డాక్టర్ హూ ఎక్కడ మొదలుపెట్టాలి? 1963లో కాదు, 2005లో

"డాక్టర్ హూ చూడాలని చాలా రోజులుగా ఉంది. 1963 నుంచి వస్తోందట. సీజన్ 1 అని వెతికితే ఒకటి కాదు, మూడు కనిపిస్తున్నాయి. మొదటి నుంచీ చూడాల్సిందేనా? మధ్యలో దూకితే అర్థమవుతుందా? పిల్లలతో కలిసి చూడొచ్చా?" ఇదీ మీరు అడిగింది.

జవాబు ముందే చెప్పేస్తాను. 2005లో వచ్చిన సీజన్ 1 తీసుకోండి. అందులో మొదటి ఎపిసోడ్ పేరు 'రోజ్'. అక్కడ మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ పోండి. 1963 జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇంతవరకు చాలనుకుంటే ఇక్కడే ఆపేసి చూడటం మొదలుపెట్టొచ్చు. ఎందుకలా అంటున్నానో, దారిలో ఎక్కడెక్కడ తికమక పడతారో తెలుసుకోవాలనుకుంటే మిగతాది చదవండి.

ముందు ఆ మూడు సీజన్ 1ల గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బీబీసీ ఈ సీరియల్‌ని 1963 నవంబర్ 23న మొదలుపెట్టింది. 1989 దాకా 26 సీజన్లు నడిపి ఆపేసింది. మధ్యలో 1996లో ఒక టీవీ సినిమా వచ్చింది, దాని తర్వాత మళ్లీ ఏమీ రాలేదు. 2005లో కొత్తగా మొదలుపెట్టినప్పుడు లెక్కని మళ్లీ 1 నుంచి ఎత్తుకున్నారు. అలా 13 సీజన్లు అయ్యాక, 2024లో డిస్నీతో కలిసి తీసినప్పుడు ఇంకోసారి 1 నుంచి మొదలుపెట్టారు. కాబట్టి అంకె చూసి నమ్మకండి, సంవత్సరం చూడండి. డాక్టర్‌గా క్రిస్టఫర్ ఎక్లెస్టన్, అతని పక్కన బిల్లీ పైపర్ ఉంటే మీరు సరైన చోటే ఉన్నట్టు.

ఇక అసలు విషయం. ఇది ఒకే కథని సాగదీసిన సీరియల్ కాదు. డాక్టర్ అనే గ్రహాంతరవాసి ఉంటాడు. చూడటానికి మనిషిలాగే ఉంటాడు, గుండెలు మాత్రం రెండు. పాతకాలపు నీలం రంగు పోలీస్ బాక్స్‌లా (బ్రిటన్ వీధుల్లో పోలీసుల్ని పిలవడానికి పెట్టిన ఫోన్ డబ్బా) కనిపించే టార్డిస్ అనే యంత్రంలో కాలంలోకీ అంతరిక్షంలోకీ తిరుగుతుంటాడు. బయటికి చిన్న డబ్బా, లోపల పెద్ద భవనమంత. తోడుగా ఎవరో ఒక మనిషిని వెంటబెట్టుకుంటాడు. ఈ వారం విక్టోరియా కాలపు ఇంగ్లండ్, వచ్చే వారం ఐదు వందల కోట్ల ఏళ్ల తర్వాతి రోజు. చాలా ఎపిసోడ్లు దేనికవే పూర్తయిపోతాయి. కొన్ని మాత్రం రెండు భాగాలుగా వస్తాయి.

ఇన్నేళ్లు నడవడానికి కారణం 1966లో దొరికింది. మొదటి డాక్టర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైంది. సీరియలేమో బాగా నడుస్తోంది, ఆపడం ఎవరికీ ఇష్టం లేదు. దాంతో డాక్టర్ చావు దగ్గరికి వచ్చినప్పుడు ఒళ్లంతా మారిపోయి కొత్త మనిషవుతాడని కథలోనే పెట్టేశారు. ప్యాట్రిక్ ట్రౌటన్ వచ్చారు. ముఖం వేరు, స్వభావం వేరు, జ్ఞాపకాలు మాత్రం అవే. అప్పటి నుంచి ఎంతమంది నటులు మారినా కథ ఆగలేదు.

మీకు పనికొచ్చే సంగతి దీని వెనకే ఉంది. నటుడు మారినప్పుడల్లా సీరియల్ కాస్త కొత్తగా మొదలవుతుంది. నటుడితో పాటు తోడు పాత్ర, రాసే పెద్ద తలకాయ కూడా ఒకేసారి మారితే అది దాదాపు కొత్త సీరియలే. అలాంటి ఎపిసోడ్ రాసేవాళ్లకి తెలుసు, ఈ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్లలో సగం మందికి పాత కథ తెలియదని. అందుకే వాళ్లు అన్నీ మొదటి నుంచి చెప్తారు. మీరు వెతకాల్సింది అలాంటి ఎపిసోడ్‌ని. అన్నిటికన్నా పాతదీ కాదు, అన్నిటికన్నా గొప్పదీ కాదు.

పాతదాని సంగతి చూద్దాం. 1963 నాటి మొట్టమొదటి ఎపిసోడ్ నిజానికి చాలా బాగుంటుంది. ఇద్దరు స్కూల్ టీచర్లకి ఒక విద్యార్థిని మీద అనుమానం వస్తుంది. ఆ పిల్లకి కొన్ని విషయాలు టీచర్లకన్నా ఎక్కువ తెలుసు, ఇంకొన్ని అందరికీ తెలిసినవే తెలియవు. సాయంత్రం ఆమె వెనకే పాత సామాన్ల యార్డు దాకా వెళ్తారు. అక్కడ పోలీస్ బాక్స్ ఉంటుంది, చెయ్యి వేస్తే సన్నగా అదురుతుంటుంది. ఇరవై అయిదు నిమిషాల్లో కట్టిపడేసే ఎపిసోడ్ అది. దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్, నిర్మాత వెరిటీ లాంబర్ట్. ఇద్దరూ అప్పటికి ఇరవైల్లో ఉన్నవాళ్లే. అయితే ఆ కథలో మిగతా మూడు భాగాలూ రాతియుగం మనుషులు నిప్పు కోసం కొట్టుకోవడంతోనే సరిపోతాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఆవులించేది అక్కడే.

ఒకవేళ ఓపిక పట్టి ముందుకి వెళ్లినా దారి మధ్యలో తెగిపోతుంది. 1960ల్లో, 70ల్లో బీబీసీ పాత టేపుల్ని చెరిపేసి మళ్లీ వాడుకునేది. అలా తొలి ఇద్దరు డాక్టర్ల ఎపిసోడ్లు పదుల సంఖ్యలో పోయాయి. విదేశాలకి అమ్మిన ఫిల్మ్ కాపీలు అప్పుడప్పుడూ బయటపడుతుంటాయి. నైజీరియాలో 9 ఎపిసోడ్లు దొరికినట్టు 2013లో ప్రకటించారు. పోయిన వాటి శబ్దం మాత్రం మొత్తం మిగిలింది. ప్రసారమయ్యేటప్పుడు ఇళ్లల్లో కూర్చుని టేప్ రికార్డర్లలో పట్టుకున్న అభిమానుల పుణ్యమది. ఆ శబ్దానికి యానిమేషన్ జోడించి కొన్నిటిని విడుదల చేశారు. ఇవన్నీ సీరియల్ మీద ప్రేమ పుట్టాక చూస్తే బాగుంటాయి. ప్రేమ పుట్టకముందే బొమ్మ లేని ఎపిసోడ్ దగ్గరికి వస్తే ఎవరైనా లేచిపోతారు. పైగా 1963 నుంచి 1989 దాకా వచ్చినవి దాదాపు 700 ఎపిసోడ్లు. ఆ కొండవీటి చాంతాడు చూసి భయపడి మొత్తం సీరియల్‌నే వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు 'రోజ్'. 2005 మార్చి 26న వచ్చింది, రాసింది రస్సెల్ టి డేవిస్. పదహారేళ్లు మూతపడి ఉన్న సీరియల్‌ని తిరిగి తెరిచే బాధ్యత ఆయనది. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, పాత కథ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అలారం మోగుతుంది, బట్టల షాపులో పనిచేసే రోజ్ అనే అమ్మాయి లేస్తుంది, అమ్మకి ముద్దు పెట్టి పనికి పోతుంది. సాయంత్రం షాపు మూసే వేళకి బేస్‌మెంట్‌లోకి వెళ్తే బట్టలు తొడిగే బొమ్మలు కదలడం మొదలుపెడతాయి. గోడకి ఆనుకుని ఇక అయిపోయిందనుకున్న క్షణాన ఎవరో చెయ్యి పట్టుకుని "పరిగెత్తు" అంటాడు. డాక్టర్ ఎవరన్నది రోజ్‌కి ఎంత తెలిస్తే మనకీ అంతే తెలుస్తుంది, ఆమె కన్నా ఒక్క మాట ముందు కాదు.

టార్డిస్‌లోకి మొదటిసారి అడుగుపెట్టే సీన్ గమనించండి. రోజ్ లోపలికి వెళ్తుంది, వెంటనే బయటికి పరిగెత్తుకొస్తుంది, డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుంటుంది, మళ్లీ లోపలికి వెళ్తుంది. లోపల ఇంత, బయట ఇంతేనా అన్న విషయాన్ని డైలాగ్ కన్నా ముందు కాళ్లతోనే చెప్పించారు. తర్వాత ఆమె "నువ్వు గ్రహాంతరవాసివా?" అంటే "అవును, నీకేమైనా అభ్యంతరమా?" అన్నట్టు అడుగుతాడు. లేదంటుంది. సీరియల్ మొత్తం నడిచే పద్ధతి ఆ నాలుగు ముక్కల్లో తెలిసిపోతుంది.

మరి లోపాలు లేవా అంటే బోలెడు. అదే ఎపిసోడ్‌లో ఒక ప్లాస్టిక్ చెత్తడబ్బా మనిషిని మింగేసి త్రేన్చుతుంది. గ్రాఫిక్స్ ఇరవై ఏళ్ల నాటివి, బొమ్మ కూడా ఇప్పటి హెచ్‌డీ కాదు. 2009 దాకా హెచ్‌డీలో తీయనేలేదు. నాలుగు, ఐదు ఎపిసోడ్లలో మనుషుల చర్మం తొడుక్కుని తిరిగే గ్రహాంతరవాసులు వస్తారు, అదేపనిగా గ్యాస్ వదులుతుంటారు. చిన్నపిల్లలకి నవ్వు, పెద్దవాళ్లకి విసుగు. చాలామంది సరిగ్గా ఇక్కడే మానేసి "ఏముంది ఇందులో?" అంటారు. దయచేసి అక్కడ ఆగకండి. ఆరో ఎపిసోడ్ 'డాలెక్' దాకా రండి. ఒకే ఒక్క శత్రువు, అదీ గొలుసులతో కట్టేసి ఉన్నది. అయినా దాన్ని చూడగానే అప్పటిదాకా జోకులేసిన డాక్టర్ ముఖంలో భయం, ద్వేషం ఒక్కసారిగా వచ్చేస్తాయి. ఎక్లెస్టన్ ఎంత మంచి నటుడో నాకు బోధపడింది ఆ గదిలోనే. తర్వాత తొమ్మిది, పది ఎపిసోడ్లు కలిపి ఒకే కథ. బాంబులు పడుతున్న లండన్ వీధుల్లో గ్యాస్ మాస్క్ పెట్టుకున్న చిన్న పిల్లాడు "నువ్వు మా అమ్మవా?" అని అందర్నీ అడుగుతూ తిరుగుతుంటాడు. అవి చూశాక కూడా మీకు ఏమీ అనిపించకపోతే ఈ సీరియల్ మీ కోసం కాదు, నిరభ్యంతరంగా వదిలేయండి. మొత్తం సీజన్ 13 ఎపిసోడ్లు, ఒక్కోటి 45 నిమిషాల చొప్పున పది గంటల లోపు పని.

పాత గ్రాఫిక్స్ అసలు భరించలేను అనేవాళ్లకి రెండో ద్వారం ఉంది. 2010 ఏప్రిల్ 3న వచ్చిన 'ది ఎలెవెన్త్ అవర్', అంటే 2005 లెక్కలో సీజన్ 5 మొదటి ఎపిసోడ్. రాసే పెద్ద స్టీవెన్ మాఫట్, డాక్టర్‌గా మ్యాట్ స్మిత్, తోడుగా కేరెన్ గిలన్. అందరూ కొత్తే. మొదటి పది నిమిషాలు చాలు. పడకగది గోడకి పగులొచ్చిందని, భయమేస్తోందని ఒక చిన్నపిల్ల రాత్రిపూట శాంటాకి మొక్కుకుంటుంది. తోటలో డబ్బా కూలిన చప్పుడవుతుంది, అందులోంచి తడిసిన చిరుగుల చొక్కాతో ఒకడు బయటికొస్తాడు. ఆకలంటాడు. యాపిల్ ఇస్తే ఉమ్మేస్తాడు, బీన్స్ ఇస్తే ఉమ్మేస్తాడు, బ్రెడ్డూ వెన్నా ఇస్తే ప్లేటుతో సహా వీధిలోకి విసిరేస్తాడు. చివరికి చేప ముక్కల్ని కస్టర్డ్‌లో ముంచుకుని హాయిగా తింటాడు. కొత్త ఒంటికి ఏ రుచి నచ్చుతుందో అతనికే తెలియదన్నమాట. ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి వెళ్తాడు, తిరిగొచ్చేసరికి పన్నెండేళ్లు గడిచిపోతాయి.

'రోజ్' కన్నా ఇది మంచి ఎపిసోడే. అయినా నేను ముందు దాన్నే చెప్పడానికి కారణం ఉంది. 2010లో మొదలుపెడితే ఎక్లెస్టన్ తర్వాత డాక్టర్‌గా వేసిన డేవిడ్ టెనెంట్ కాలం మొత్తం దాటేస్తారు. అది తర్వాత వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు కానీ, 2013 నవంబర్ 23న వచ్చిన యాభై ఏళ్ల పండగ ఎపిసోడ్ 'ది డే ఆఫ్ ది డాక్టర్'లో టెనెంట్, స్మిత్ ఇద్దరూ ఎదురుపడతారు. 2005 నుంచి ఒక యుద్ధం గురించి చెప్పీ చెప్పకుండా పెంచుకుంటూ వచ్చిన బరువంతా అక్కడ దిగుతుంది. ఆ బరువు మోయనివాళ్లకి అది మామూలు సందడి. మోసినవాళ్లకి గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు ఒక పేచీ. ఎవరిని అడిగినా "ముందు 'బ్లింక్' చూడు" అంటారు. 2007 నాటి ఎపిసోడ్. మనం చూస్తున్నంతసేపూ రాతి విగ్రహాలే, కన్నార్పితే మీద పడతాయి. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. దాని గొప్పతనం గురించి నాకు వాదన లేదు. మొదటి ఎపిసోడ్‌గా మాత్రం అది సరైనది కాదు. అందులో డాక్టర్ కనిపించేదే తక్కువ, కథంతా క్యారీ మలిగన్ వేసిన శాలీ అనే అమ్మాయిది. ఆమె ఆ తర్వాత మళ్లీ రాదు. 'బ్లింక్' నచ్చి తర్వాతి ఎపిసోడ్ పెట్టుకున్నవాళ్లకి శాలీ ఉండదు, ఆ భయం ఉండదు, నేరుగా సీజన్ చివరి కథలో పడతారు. పెళ్లి విందు తిని ఆ ఇంట్లో రోజూ ఇదే వంట అనుకున్నట్టు ఉంటుంది. విసుగొచ్చి మానేస్తారు. వరసలో వస్తూ మూడో సీజన్ పదో ఎపిసోడ్‌గా దాన్ని చూడండి, రెట్టింపు పట్టేస్తుంది. ఒక్క ఎపిసోడ్ రుచి చూసి నిర్ణయించుకుంటానని పట్టుబట్టే స్నేహితులుంటే వాళ్లకి 'బ్లింక్' బదులు 2010 నాటి 'విన్సెంట్ అండ్ ది డాక్టర్' చూపించండి. చిత్రకారుడు వాన్ గో కథ అది. అందులో డాక్టర్ కడదాకా ఉంటాడు, చివరి పది నిమిషాల కోసం రుమాలు దగ్గర పెట్టుకోమనండి.

వరసగా చూడటంలో ఒక ఉచ్చు ఉంది, దాన్ని తప్పించుకోవాలి. క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికి వచ్చిన స్పెషల్స్‌ని చాలాచోట్ల సీజన్ల లిస్టులో కాకుండా విడిగా ఎక్కడో పెడతారు. అవి అదనపు సరుకు కాదు, కథలో కీలకమైన మలుపులు వాటిలోనే ఉంటాయి. 2005 సీజన్ అయ్యాక నేరుగా రెండో సీజన్‌కి వెళ్తే 'ది క్రిస్మస్ ఇన్వేజన్' పోతుంది. టెనెంట్ మొదటి కథ అదే. సగానికి పైగా మంచం మీద నైట్ డ్రెస్‌లో పడి నిద్రపోతూ, లేచిన పదిహేను నిమిషాల్లో ఈ డాక్టర్ ఎలాంటివాడో చూపించేస్తాడు. అన్నిటికన్నా ప్రమాదం నాలుగు, ఐదు సీజన్ల మధ్య. 2008 క్రిస్మస్ నుంచి 2010 జనవరి 1 దాకా సీజన్ లేదు, అన్నీ స్పెషల్సే. వాటిలో 'ది వాటర్స్ ఆఫ్ మార్స్' తప్పక చూడాల్సింది. టెనెంట్ వెళ్లిపోయే 'ది ఎండ్ ఆఫ్ టైమ్' రెండు భాగాలు చూడకుండా ఐదో సీజన్ పెడితే పాత డాక్టర్ ఏమయ్యాడో తెలియదు. అలాగే స్మిత్ వెళ్లేది 2013 క్రిస్మస్‌కి, పీటర్ కపాల్డి వెళ్లేది 2017 క్రిస్మస్‌కి. సీజన్ అయిపోగానే తర్వాతిది నొక్కేముందు ప్రసారమైన తేదీలు ఒకసారి చూసుకోండి, చాలు.

మిగతా ద్వారాలు క్లుప్తంగా చెప్తాను. 2017 నాటి 'ది పైలట్' మంచి మొదలు. యూనివర్సిటీ క్యాంటీన్‌లో పనిచేసే బిల్ అనే అమ్మాయి డాక్టర్ క్లాసులకి వచ్చి కూర్చుంటుంది. 2018లో జోడీ విటకర్ వచ్చారు, ఆ పాత్ర వేసిన మొదటి మహిళ. ఆ సీజన్‌లో పాత శత్రువుల్ని ఎవర్నీ వాడలేదు కాబట్టి అర్థం కాకపోవడమనే సమస్యే లేదు. కథల్లో మాత్రం కొన్ని చప్పగా ఉంటాయి. అందులో 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్' ఒక్కటి తప్పక చూడండి. 1947లో దేశ విభజన రోజు, ఒక హిందూ ముస్లిం పెళ్లి. రాసింది వినయ్ పటేల్. 2024 సీజన్‌ని కొత్తవాళ్ల కోసమే అన్నట్టు సీజన్ 1 అన్నారు, డాక్టర్‌గా షుటీ గట్వా ఉత్సాహం చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ సీజన్ చివరి కథ 1970ల నాటి పాత విలన్ మీద ఆధారపడింది. కొత్తవాళ్లు ఆ పేరు వినగానే అదిరిపడాలట, ఎలా అదిరిపడతారు? అందుకే అది నా లిస్టులో వెనక ఉంది.

పాతవి ఎప్పుడు చూడాలంటే, టెనెంట్ రెండో సీజన్‌కి వచ్చాక ఎప్పుడైనా. అవి కూడా వరసలో వద్దు. 1970 నాటి 'స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్' నాలుగు భాగాలు ముందు చూడండి. సీరియల్ రంగుల్లోకి వచ్చింది దీనితోనే, డాక్టర్‌గా జాన్ పర్ట్వీ. 'రోజ్'లో చూసిన బట్టల బొమ్మలు అసలు పుట్టింది ఇక్కడ, కాబట్టి పాత చుట్టాల్ని కలిసినట్టుంటుంది. ఆ తర్వాత టామ్ బేకర్. ఏడు సీజన్లు చేశారు, పొడవాటి మఫ్లర్ ఆయనదే. 1979 నాటి 'సిటీ ఆఫ్ డెత్' ప్యారిస్‌లో తీశారు, మోనాలిసా చిత్రం దొంగతనం చుట్టూ తిరిగే కథ, రాతలో హాస్య రచయిత డగ్లస్ ఆడమ్స్ చెయ్యి ఉంది కాబట్టి నవ్వుకి లోటు లేదు. గంభీరంగా కావాలంటే 1975 నాటి 'జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్', ఆరు భాగాలు. పాతవాటికి ఒక పద్ధతి పాటించాలి. రోజుకి ఒకటి, మహా అయితే రెండు భాగాలు. వారానికి 25 నిమిషాల చొప్పున చూడటానికి రాసినవి అవి. ఆరు భాగాలూ ఒకే కూర్చోవడంలో లాగిస్తే వసారాల్లో అటూ ఇటూ పరిగెత్తడం, పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడటం తప్ప ఏమీ గుర్తుండదు.

పిల్లల సంగతి. ఇది మొదటి నుంచీ ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటానికి తీసిన సీరియల్. రక్తపాతం పెద్దగా ఉండదు, బూతులు ఉండవు. భయం మాత్రం ఉంటుంది, కావాలనే పెడతారు. గ్యాస్ మాస్క్ పిల్లాడి కథ, 'బ్లింక్', 2008 నాటి 'మిడ్‌నైట్' మీరు ముందు ఒంటరిగా చూసి, మీ పిల్లల ధైర్యం మీకు తెలుసు కాబట్టి అప్పుడు నిర్ణయించుకోండి. దీని అనుబంధ సీరియళ్లలో 'ది సారా జేన్ అడ్వెంచర్స్' పిల్లల కోసమే తీసింది, నిశ్చింతగా పెట్టొచ్చు. 'టార్చ్‌వుడ్' అలా కాదు, అది పెద్దవాళ్లకి. డాక్టర్ హూ లిస్టులో పక్కనే కనిపించింది కదా అని పిల్లల ముందు నొక్కేయకండి.

చివరిగా ఒక జాగ్రత్త. ఏ పాత్ర గురించీ ఇంటర్నెట్‌లో వెతకొద్దు. ఈ సీరియల్‌లో ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారు, ఎవరు తిరిగొస్తారు అన్నదే సగం టెన్షన్. పేరు టైప్ చేస్తుండగానే కింద వచ్చే సలహాల్లోనే అది బయటపడిపోతుంది. ముఖ్యంగా నాలుగో సీజన్ లైబ్రరీ ఎపిసోడ్లలో రివర్ సాంగ్ అనే ఆమె వచ్చి డాక్టర్‌ని బాగా తెలిసినట్టు మాట్లాడుతుంది. ఎవరీమె అని మీకు కచ్చితంగా అనిపిస్తుంది. డాక్టర్‌కీ అదే అనుమానం. ఆరో సీజన్ దాకా ఓపిక పట్టండి.